తాతగారి బాకా... ఖరీదెంత?

'బాకా ఊదడం' అంటే మన భాషలో అంత మంచి మాటేం కాదు. ఎవరైనా ఓ నాయకుణ్ని మరీ పొగిడేస్తుంటే 'వాడు ఫలానావారి బాకా' అంటాం. పత్రికల్లో పనిచేసేవాళ్లకైతే అంతకు మించిన తిట్టు లేదు. అలాంటిది... కిందటి నవంబరులో ఓ ఆదివారం పొద్దున్నే నిజం బాకా ఒకటి సిమెంటు సంచిలో చుట్టుకుని హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చింది!

తెచ్చింది మా ఊరి బ్యాండు మాస్టారి మనవడు. మా ఊరంటే సామర్లకోట దగ్గర ఓ పల్లె. మా అమ్మ పెళ్లికీ, మా అక్క పెళ్లికీ ఊరేగింపులో వాయించింది వాళ్ల బ్యాండే. నా పెళ్లినాటికి డీజేలు వచ్చేశాయి. మాస్టారికి ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ కుర్రాడు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాడు.

"మీరు పేపర్లో రాస్తారు కదక్కా, దీని ఖరీదెంతో కనుక్కోగలరా?" అన్నాడు, టీ కూడా తాగకుండా.

సంగతేంటంటే... వాడి చెల్లెలికి బీఎస్సీ నర్సింగ్‌లో సీటొచ్చింది. నెలాఖరులోగా నలభై వేలు కట్టాలి. ఇంట్లో అమ్మడానికి ఉన్నది ఇదొక్కటే. పాత సామాన్లవాడు తూకం వేసి, కిలో ఇత్తడి అని చెప్పి, నాలుగొందల యాభై ఇస్తానన్నాడట. అంతలో ఎవరో ఏజెంటు వచ్చి దానిమీద 'లండన్' అన్న మాట చూసి, "ఇది యాంటిక్! రెండు లక్షలకు తక్కువ పోదు. కాకపోతే చెకింగ్ సర్టిఫికెట్ కావాలి, ముందు ఆరు వేలు కట్టండి" అన్నాడట. వాడి అమ్మ చెవి దుద్దులు తాకట్టు పెట్టడానికి సిద్ధమైపోయింది.

ఆరు వేలు అనగానే నాకు రాగి చెంబులు గుర్తొచ్చాయి. బియ్యపు గింజల్ని లాగే చెంబుకి కోట్లిస్తామంటూ 'రైస్ పుల్లింగ్' పేరుతో మన రాష్ట్రాల్లో ఎంతమందిని ముంచారో నేరవార్తలు చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడా మొదట అడిగేది పరీక్ష ఖర్చులే. "దుద్దులు తాకట్టు పెట్టొద్దని అమ్మకి ఇప్పుడే ఫోన్ చెయ్" అన్నాను. చేశాడు. కానీ నాలుగొందల యాభైకీ, రెండు లక్షలకీ మధ్య అసలు ధర ఎక్కడుంది? నాకూ తెలీదు.

నా ఘనకార్యం

ముందుగా నేను చేసిన తప్పు చెప్పేస్తాను. మీరు చేయకుండా ఉంటారు.

బాకా మూతి... అదే, పెదాలు ఆనించి ఊదే మౌత్‌పీస్... బిగుసుకుపోయి ఉంది. అది ఊడితే లోపల ఏమైనా పేరు కనిపిస్తుందేమోనని మా ఆయన పనిముట్ల డబ్బాలోంచి కటింగ్ ప్లయర్ తీసి, గుడ్డ కూడా చుట్టకుండా పట్టి తిప్పాను. మౌత్‌పీస్ కదల్లేదు. దానిమీద ప్లయర్ పళ్ల గాట్లు మాత్రం పడ్డాయి. పక్కనే ఉన్న చిన్న ఆసరా కడ్డీ టంకం టిక్కుమని విడిపోయింది. కుర్రాడు ఏమీ అనలేదు. అదే మరీ బాధగా అనిపించింది.

సికింద్రాబాద్‌లో బ్యాండు సామాన్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని తెలిసి, సంచి పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఆయన చూడగానే "పకడ్ పెట్టిండ్రా?" అన్నారు. తలొంచుకున్నాను. ఆయన ఓ చిన్న మరల చట్రం తెచ్చి మౌత్‌పీస్‌కి తగిలించి రెండు మరలూ సమంగా బిగించారు. 'టప్' మని బయటికొచ్చింది. నిమిషం కూడా పట్టలేదు. దాన్ని మౌత్‌పీస్ పుల్లర్ అంటారట. ఇలా ఇరుక్కోవడం ఎంత మామూలంటే, దానికోసం ప్రత్యేకంగా పనిముట్టే తయారుచేశారన్నమాట.

నా రెండో ఆలోచన ఇంకా గొప్పది. పేరు చెరిగిపోయి కనిపిస్తోంది కదా, ఇత్తడి పాలిష్ పెట్టి తోమితే తేలుతుందేమో అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. "తోమే కదమ్మా పోయింది!"

నిజమే. ఏటా శ్రీరామనవమి ముందురోజు మాస్టారి ఇంట్లో ఆడవాళ్లు దీన్ని చింతపండూ, బూడిదా పెట్టి బిందెల్తో పాటు తోమేవాళ్లట. అరవై, డెబ్బై నవములు! తళతళలాడేది. ఆ తళతళతోనే చెక్కిన అక్షరాలు పోయాయి. అక్షరాలొక్కటే కాదు, అసలిది ఇత్తడి రంగు బాకానే కాదట. పెద్దాయన వాల్వుల గొట్టాల సందుల్లో, చింతపండు చేరని మూలల్లో నల్లబడ్డ పూత చూపించారు. వెండి! ఒకప్పుడు మొత్తం వెండి పూత ఉన్న వాయిద్యం.

టార్చిలైటు సాక్ష్యం

పేరు చదవడానికి ఆయన వాడినవి రెండే. టార్చిలైటు, పెన్సిలు. గదిలో లైటు తీసేసి, టార్చిని బాకా నోటికి... గంట ఆకారంలో ఉంటుందే, ఆ భాగానికి... పక్కనుంచి ఏటవాలుగా పట్టారు. ఎదురుగా చూస్తే కనపడని గీతలు నీడలు పడి లేచాయి. ఆ చోట పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దారు. చిన్నప్పుడు రూపాయి బిళ్లమీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం చూడండి, అలాగే. కుర్రాడు ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. '...కెస్ అండ్ సన్'. దాని కింద 'డెన్మన్ స్ట్రీ...'. ఆ కింద 'పికడిల్లీ సర్కస్'. చివర్న 'లండన్'.

హాక్స్ అండ్ సన్. బ్రిటిష్ సైన్యం బ్యాండ్లకి వాయిద్యాలు చేసిన లండన్ కంపెనీ. దాని చిరునామా పికడిల్లీ సర్కస్ దగ్గరి డెన్మన్ స్ట్రీటు. ఈ కంపెనీ 1930లో తన పోటీదారు బూసీ కంపెనీతో కలిసి 'బూసీ అండ్ హాక్స్' అయింది. కాబట్టి బూసీ పేరు లేకుండా హాక్స్ పేరు మాత్రమే ఉందంటే ఆ వాయిద్యం 1930కి ముందుదని లెక్క. చెరిగిన నాలుగు ముక్కలు ఇంత చెబుతాయని నేననుకోలేదు.

పాత బాకాల లోకంలో చిరునామా అంటే పుట్టుమచ్చ లాంటిదట. 'యూస్టన్ రోడ్, 198' అని ఉంటే అది లండన్ బెస్సన్ కంపెనీ సరుకు. అమెరికాలో విన్సెంట్ బాక్ అనే ఆయన పేరుతో వచ్చే ట్రంపెట్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. కానీ 'మౌంట్ వెర్నన్' అని చెక్కి ఉంటే కొనేవాళ్ల కళ్లు మెరుస్తాయి. ఆ ఊళ్లో ఆయన ఫ్యాక్టరీ నడిచింది 1953 నుంచి పన్నెండేళ్లే మరి.

అలాగని చెక్కిన పేరునల్లా నమ్మకూడదు. మన వీధి చివర కిరాణా కొట్టువాళ్లు సంక్రాంతికి ముందు క్యాలెండర్ ఇస్తారా, దానిమీద పెద్దక్షరాలతో కొట్టు పేరుంటుందా? అంతమాత్రాన అది ఆ కొట్లో అచ్చయినట్టా! శివకాశిలో అచ్చయి ఉంటుంది. ట్రంపెట్లూ అంతే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్నం వాయిద్యాల ఫ్యాక్టరీలకి పుట్టిల్లు. అక్కడ తయారైన సరుకుమీద దుకాణాలవాళ్లూ, పోస్టులో సామాన్లు పంపే కంపెనీలూ తమ పేర్లు చెక్కించుకుని అమ్ముకునేవి. వీటిని 'స్టెన్సిల్' వాయిద్యాలంటారు. ఎక్కడా వినని పేరు కనిపించి 'అబ్బో, అరుదైనది' అని ఎగిరి గంతేసేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది ఈ క్యాలెండర్ బాపతే. పేరు కాకుండా వాల్వుల ఆకారం, ఆసరా కడ్డీల వంపు, గొట్టం మలుపు తీరు చూసి అసలు ఫ్యాక్టరీని పట్టాలి.

ఇంకో ఆధారం నంబరు. చాలా ట్రంపెట్లకి మూడు వాల్వుల్లో నడిమి దానిమీద ఉంటుంది. పెద్ద కంపెనీలవైతే ఏ నంబరు ఏ ఏడాదిదో చెప్పే పట్టికలు దొరుకుతాయి. మన బాకా నంబరు సగం అరిగిపోయి మూడంకెలే మిగిలాయి. దాంతో పనికాలేదు.

శ్రుతి కలవని మాట

ఇక్కడిదాకా విని కుర్రాడి ముఖం వెలిగింది. వందేళ్ల నాటి లండన్ వాయిద్యం! పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా "ఊదు బాబూ" అన్నారు. వాడు శ్రుతి సరిచేసే స్లైడు పూర్తిగా లోపలికి నెట్టి ఊదాడు. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి చూశాం. ముల్లు ఈ స్వరం మీదా నిలవదు, ఆ స్వరం మీదా నిలవదు, రెండింటి మధ్యలో ఊగుతోంది.

నేను మాస్టారికి ఫోన్ చేశాను. "పాపగారూ, అది మొదట్నించీ అంతేనండి. క్లారినెట్ల కంటే పైన పలికేది. స్లైడు ఇంత బయటికి లాగి, జారిపోకుండా దారం కట్టేవాణ్ని. కొన్నాక తెలిసింది మా నాన్నకి, తప్పు సరుకని" అన్నారు. స్లైడు లాగి చూస్తే నిజంగానే ఓ రెండు సెంటీమీటర్ల దగ్గర నల్లటి చార. నలభై ఏళ్లు దారం ఉన్న గుర్తు.

తప్పు సరుకు కాదది. శ్రుతికి ఇవాళ ప్రపంచమంతా వాడే కొలత సెకనుకి 440 కంపనలు. 1939లో లండన్‌లో అంతర్జాతీయ సమావేశం పెట్టి ఒప్పుకున్న లెక్కది. (అదే ఏడాది ఇంకో తమాషా జరిగింది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధిలో దొరికిన మూడు వేల ఏళ్ల నాటి బాకాల్ని కైరోలో ఊదించి బీబీసీ రేడియోలో వినిపించింది!) అంతకుముందు ఎవరి శ్రుతి వారిదే. బ్రిటిష్ బ్యాండ్లు 452 దగ్గర వాయించేవి. దాన్నే 'హై పిచ్' అంటారు. హార్మోనియం మీద పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరంలో ఇది దాదాపు సగం. సైనిక బ్యాండ్లు 1920ల చివర్లో ఆ శ్రుతిని వదిలేశాయి. ఇంగ్లండ్‌లోని ఇత్తడి బ్యాండ్లయితే 1960ల దాకా పట్టుకు వేలాడాయి.

మాస్టారి లెక్క కూడా చూడండి. బాకా గొట్టం మొత్తం విప్పి సాగదీస్తే దాదాపు మీటరున్నర. శ్రుతి 452 నుంచి 440కి దిగాలంటే గొట్టం సుమారు నాలుగు సెంటీమీటర్లు పెరగాలి. స్లైడుకి రెండు కాళ్లుంటాయి కాబట్టి రెండు సెంటీమీటర్లు లాగితే చాలు. సరిగ్గా దారం కట్టిన చోటు! ఏ పుస్తకమూ చదవకుండా చెవితో పట్టేశారాయన. వాల్వుల చిన్న స్లైడులు కూడా తలో కాస్తా లాగి ఉంచేవారట.

కుర్రాడు కీబోర్డు మనిషి కదా, వాడికి చప్పున అర్థమైంది. "అంటే దీన్ని ఇప్పుడు ఎవరూ కొని వాయించరన్నమాట" అన్నాడు. పాత ట్రంపెట్లకి మంచి ధర ఇచ్చేది ఎక్కువగా వాయించుకునేవాళ్లే. హై పిచ్ అనగానే వాళ్లు తప్పుకుంటారు. ఇక మిగిలేది గోడకి తగిలించుకునేవాళ్లూ, దాచుకునేవాళ్లూ.

వాళ్లు చూసేది ఒరిజినలా కాదా అని. పెద్దాయన మూడు పిస్టన్లూ తీసి బల్లమీద వరసగా పెట్టారు. ఒకటీ మూడూ ఒక రకం, రెండోది వేరే రకం. రంధ్రాల అంచులు గరుకుగా ఉన్నాయి. "మీరట్ మాల్" అన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో జాలీ కోఠీ అనే పేట బ్యాండు వాయిద్యాలకి పెట్టింది పేరు. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. దేశంలో పెళ్లి బ్యాండ్లు మోగాయంటే అందులో సగం పుణ్యం ఆ ఊరిదే.

మాస్టారిని అడిగితే ఆ కథా చెప్పారు. పెళ్లిళ్ల సీజన్లో ఒకసారి బాకా చెయ్యి జారి రాళ్లమీద పడి నడిమి పిస్టన్ వంగిపోయిందట. తండ్రి దాన్ని ఎవరితోనో మీరట్ పంపి కొత్తది చేయించారట. మూడు నెలల సంపాదన దానికే పోయిందట. ఆ రిపేరే లేకపోతే బాకా అప్పుడే మూలపడేది. కానీ దాచుకునేవాళ్ల దృష్టిలో అదొక లోటు. ఖరీదు సగానికి సగం తగ్గింది.

రెండు లక్షలెక్కడ?

మరి లక్షలూ, కోట్లూ పలికే ట్రంపెట్లు లేవా? ఉన్నాయి. జాజ్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ ట్రంపెట్ మూతి ఆకాశంవైపు వంగి ఉంటుంది. 1953 జనవరిలో ఆయన భార్య పుట్టినరోజు పార్టీలో ఎవరో దానిమీద పడటంతో వంగిందట. ఆ మోత ఆయనకి నచ్చి, ఆ తర్వాత అలాగే చేయించుకోవడం మొదలుపెట్టారు. అలాంటిదొకటి ఆయన పోయాక 1995లో న్యూయార్క్ వేలంలో 63,000 డాలర్లకు పోయింది. మైల్స్ డేవిస్ వాయించిన మార్టిన్ కంపెనీ ట్రంపెట్, నీలం రంగుమీద చందమామ, చుక్కలు ఉన్నది, 2019లో 2,75,000 డాలర్లు పలికింది. అదే కంపెనీ, అదే రకం ట్రంపెట్ పేరులేని మనిషి వాయించినదైతే కొన్ని వేల డాలర్లే. ఆ మిగతాదంతా మైల్స్ డేవిస్ ఖరీదు.

మన బాకాని వాయించింది సామర్లకోట చుట్టుపక్కల పెళ్లిళ్లలో. ఆ పెళ్లిళ్ల పిల్లలూ, మనవలూ వేలంపాటలకి వచ్చేవాళ్లు కారు.

ఇంకో మాయ కూడా తెలిసింది. ఇంటర్నెట్‌లో హాక్స్ ట్రంపెట్ అని వెతికితే కొన్ని చోట్ల ధరలు చూసి కళ్లు తిరిగాయి. పెద్దాయన నవ్వారు. "అది అడిగే రేటమ్మా. అమ్ముడుపోయిన రేటు చూడుండ్రి." నిజమే కదా, సంతలో గేదెకి చెప్పే ధర వేరు, తాడు చేతులు మారేటప్పటి ధర వేరు. అమ్ముడైన వాటిని మాత్రమే ఏరి చూస్తే ఇలాంటివి బాగున్నవైనా వందల పౌండ్లలోనే ఉన్నాయి, వేలల్లో లేవు. వెండి పూత పోయి, పిస్టన్ మారి, సొట్టలు పడి, పైగా నా ప్లయర్ పుణ్యాన టంకం ఊడినదానికి ఇంకెంత? "ఇష్టమున్నోడు దొరికితే పది వేలు. దొరక్కపోతే ఇత్తడే" అని తేల్చేశారాయన. టంకం వేసి రెండొందలు తీసుకున్నారు. "మీరే కొనొచ్చు కదా" అంటే తల అడ్డంగా ఊపారు. "రేటు చెప్పినోడు కొనొద్దమ్మా."

బస్టాప్ దాకా కుర్రాడూ నేనూ ఏమీ మాట్లాడుకోలేదు. రెండు లక్షలు పది వేలయ్యాయి మరి. ఆ ఏజెంటు చెప్పింది అబద్ధమని ముందే తెలిసినా, మనసులో ఎక్కడో ఓ మూల ఆశ ఉంటుంది. నాకే ఉంది, వాడికి ఉండదా!

ఫొటోలు తీశాం. బాగున్న చోట్లే కాదు, సొట్టలూ, మారిన పిస్టన్, పెన్సిలు రుద్దిన కాగితం అన్నీ. చెన్నైలో పాత వాయిద్యాలు దాచుకునే ఒకాయనకి తెలిసినవాళ్ల ద్వారా పంపి, హై పిచ్ సంగతీ, నేను పెట్టిన గాట్ల సంగతీ కూడా రాశాం. ఆయన రెండు రోజులకి ఫోన్ చేసి ఓ విచిత్రమైన ప్రశ్న అడిగారు. స్లైడుమీద దారం చార ఇంకా ఉందా, లేక తుడిచేశారా అని. ఉందన్నాం. పదకొండు వేలిస్తానన్నారు.

అమ్మాలా వద్దా అన్నది మాస్టారి ఇష్టానికే వదిలేశారు ఇంట్లో. ఆయన ఓ పూట ఆలోచించారట. అది యుద్ధం అయిపోయాక విశాఖపట్నంలో మిలటరీవాళ్లు సామాన్లు వేలం వేస్తే వాళ్ల నాన్న కొన్నదని ఆయన నమ్మకం. దానితోనే నలుగురు పిల్లల్ని పెంచారు. "ఊదేవాళ్లు లేని బాకా ఇంట్లో ఎందుకండి, చీమలు గూడు పెడతాయి" అన్నారు నాతో. గొంతు మామూలుగానే ఉంది. "ఒక్క మూతి మాత్రం ఇవ్వను పాపగారూ. నా పెదాలకి అలవాటైంది."

మూతి లేకపోతే ధర తగ్గుతుందేమోనని నాకు భయమేసింది. సికింద్రాబాద్ పెద్దాయన్ని అడిగాను. ఆ మౌత్‌పీస్ అసలు హాక్స్‌వారిది కానే కాదట. అదీ మీరట్‌దే. చెన్నై ఆయనకి అదే చెబితే, అక్కర్లేదు, ఉంచుకోమనండి అన్నారు.

పదకొండు వేలూ, డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పూ, దుద్దుల తాకట్టూ... అవును, చివరికి దుద్దులు వెళ్లాయి, కానీ ఏజెంటు దగ్గరికి కాదు... కలిపి గడువుకి రెండు రోజుల ముందు ఫీజు కట్టేశారు. పిల్ల హాస్టల్లో చేరింది.

మొన్న కుర్రాడు ఫోన్ చేశాడు. "తాతయ్యతో వేగలేకపోతున్నామక్కా. తెల్లారుజామున నాలుగింటికే లేచి ఆ మూతి ఒక్కటీ నోట్లో పెట్టుకుని బుర్‌ర్... బుర్‌ర్ మంటున్నాడు. దానికి మీరు పెట్టిన గాట్లు పెదానికి గుచ్చుకుంటున్నాయంట. సికింద్రాబాద్ ఆయన చేత నున్నగా రాయించి పెడతారా?"